ఉపవాసం ఎవరిని అడిగి?

తపస్సు కాలంలో ఎంత కఠినంగా ఉంటే అంత మంచి క్రైస్తవులమని కొందరు తలుస్తారు. ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టు వ్రాసిన మఠ నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. 49వ అధ్యాయంలో ఆయన ఒక కట్టడి పెట్టారు. తిండిలోగాని, నిద్రలోగాని, మాటలలోగాని ఏమి తగ్గించుకోదలచినా మఠవాసి ముందుగా మఠాధిపతికి చెప్పి అనుమతి పొందాలి. అడగకుండా చేసినదాన్ని గర్వం కింద లెక్క కట్టాలన్నారు! పస్తుండడం కష్టమే గాని, ఎంత పస్తుండాలో మరొకరిని నిర్ణయించమనడం అంతకంటె కష్టం.

గృహస్థులకు మఠాధిపతి లేడు, ఇల్లాలున్నది. ఉపవాసం నాటి మన చిరాకును భరించేది ఆమె. ఒంటిపూట భోజనం వేరుగా వండేదీ ఆమే. ఈసారి విభూది బుధవారానికి ముందు, ఏమి మానమంటావో ఆమెనే అడిగి చూడండి. మాంసం పేరు చెప్పకపోవచ్చు.