బాలప్రజ్ఞయు సామాన్యజీవితమును

మా రావివలసలో ఎండల మల్లికార్జునస్వామికి గుడికప్పు లేదు. ఎండయు వానయు నేరుగ లింగముపై బడును. దేవుడు గనుక సహించుచున్నాడు. కాని ఉద్దానపు రైతు తన కొబ్బరిమొలకను నీడ లేక పెంచునా? బిడ్డల విషయమున మాత్రము మనమీ వివేకమును మఱచుచున్నాము. ఐదేండ్ల పసివాడు నూఱు పద్యములు తడుముకొనక చదివెనేని, ఆ సాయంకాలమే వానిని బంధువుల నడుమ నిలువబెట్టి మెచ్చుకోలు వసూలు చేయుదుము. ఇట్టి బిడ్డ పెద్దవాడై, "నాకీ కీర్తి వలదు, నలుగురివలె బ్రదికెద" ననినచో, అది దోషమా?

అమెరికాలో విలియం జేమ్సు సైడిసు అనునతడు 1898లో జన్మించెను. తండ్రి మనశ్శాస్త్రవేత్త, తన విద్యాపద్ధతికి కుమారునే నిదర్శనముగ లోకమునకు చూపెను. బాలుడు 1909లో పదునొకండవ యేట హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, మఱుసటి జనవరిలో నాలుగు పరిమాణముల ఆకృతులనుగూర్చి గణితజ్ఞుల యెదుట ఉపన్యసించెను. పత్రికలు వాని గుమ్మమును వదలలేదు. 1914లో పట్టభద్రుడై, కొలదికాలము అధ్యాపకత్వము చేసి, పిమ్మట చిన్న గుమాస్తాపనులతో పొట్టపోసికొనెను. మాఱుపేరుతో ట్రాముబండ్ల టిక్కెట్ల సేకరణనుగూర్చి 1926లో ఒక గ్రంథము వెలువరించెను. 1937లో ఒక పత్రిక వాని యేకాంతమును బయటపెట్టి వినోదించినది. అతడు వ్యాజ్యము వేయగా, ప్రజలకు వానియందు కుతూహలము కలదను కారణమున 1940లో అప్పీలు న్యాయస్థానము ఏకాంతమునుగూర్చిన వాని మొఱను త్రోసిపుచ్చెను. 1944లో, నలువదియాఱేండ్ల ప్రాయమున, అతడు మరణించెను.

"ప్రతిభ సంఘపు సొత్తు, దానిని పాతిపెట్టుట ద్రోహము" అందురు. ఈ మాటలో సత్యము లేకపోలేదు. వైద్యుడు రోగిని చూచి మొగము త్రిప్పుకొనిన తప్పే. కాని ఆ వృత్తి అతడు యుక్తవయస్సున తానై పూనుకొన్నది. సైడిసు పక్షమున మాట యిచ్చినదెవరు? తండ్రియు, పత్రికలును. మైనరు వ్రాసి యిచ్చిన ఒడంబడికయే చెల్లదని మన న్యాయశాస్త్రము చెప్పుచుండగా, మైనరు పేర ఇతరులు చేసిన వాగ్దానమును వానిచేత జీవితాంతము తీర్పించుట యే ధర్మము?

అతడు సామాన్యజీవితమును స్వేచ్ఛగా కోరుకొనెనా, లేక గాయపడి పారిపోయెనా? బహుశః రెండును నిజమే. మనకు భయము గొలుపవలసినది ఇదియే. గుమాస్తాపనిలో అవమానము లేదు; దానిని దాగుకొని చేసికొనవలసి వచ్చుటలో దుఃఖమున్నది. ఆ దుఃఖమునకు కర్త అతడు కాడు, చూచుచు కూర్చున్న లోకము.

తల్లిదండ్రులారా! బిడ్డ కఠినమైన లెక్క చేసినపుడు సంతోషింపుడు. మఱునాడు లెక్క మాని గోలీలాడినను అంతే సంతోషింపుడు. ఈ రెండవ సంతోషము కలుగనివారికి మొదటి సంతోషముపై హక్కు లేదు.