పాత రంగు మీద కొత్త రంగు



పాత స్టీలు సైకిల్ ఫ్రేమ్‌కు కొత్త రంగు వేయాలంటే సులువైన దారి ఒకటుంది. తడిగుడ్డతో తుడిచి, స్ప్రే డబ్బా తెచ్చి కొట్టేయడమే. కొన్నాళ్లు మెరుస్తుంది. కానీ కింది రంగు అప్పటికే ఇనుమును వదిలేసి ఉంటే కొత్త రంగు కూడా దానితోపాటే పెచ్చులుగా ఊడిపోతుంది. తుప్పు మాత్రం లోపల తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. (మా ఐటీ వాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు.)

యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ప్రవక్త చెప్పింది ఇలాంటి పని గురించే. బలం లేని గోడకు పూత పూసి, అంతా క్షేమమే అనేవాళ్లు. వాన రాగానే గోడా పూతా కలిసి కూలుతాయి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో పౌలు వరుస చెప్పాడు: ముందు పాతది విడిచిపెట్టాలి, తర్వాత కొత్తది ధరించుకోవాలి. మనం ఆ మొదటి మాటను తొందరగా దాటేస్తాం.

అమెరికా వచ్చిన మనకు కొత్త పూతలు బాగానే దొరికాయి: ఉద్యోగం, ఇల్లు, ఆదివారం పాటల బృందంలో చోటు. కానీ మన క్రైస్తవ పెళ్లి సంబంధాల బయోడేటాలు చూడండి. రక్షణ పొందిన కుటుంబం అన్న మాట పక్కనే కులం పేరు. కట్నం అనరు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో అంటారు. ఊళ్లో పొలం పంచుకున్నప్పుడు అన్నతో ఆగిపోయిన మాటలు ఏళ్లు గడిచినా అలాగే ఉంటాయి.

మరి ఎలా తీయాలి? పని తెలిసినవాళ్లు ముందు అడిగేది ఫ్రేమ్ దేనితో చేశారని. స్టీలుకు వాడే కాస్టిక్ మందు అల్యూమినియంను తినేస్తుంది. కార్బన్ ఫ్రేమ్‌కు పెయింట్ రిమూవర్ పూస్తే లోపలి రెసిన్ కూడా పాడవుతుంది. మంచి స్టీలు గొట్టాలు కొన్నిచోట్ల ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండవు, గ్రైండర్ పెడితే రంగు దగ్గర ఆగదు. ఇంట్లో పిల్లల మీద, కొత్త విశ్వాసుల మీద మనం వాక్యాన్ని గ్రైండర్‌లా వాడుతున్నామేమోనని నాకు భయం. నాతాను దావీదు దగ్గరకు గొఱ్ఱెపిల్ల కథతో వెళ్లాడు.

పాత రంగులో సీసం ఉండవచ్చు. అమెరికాలో ప్రజలకు అమ్మే రంగుల్లో దాన్ని 1978లో నిషేధించారు. పొడిగా గీకితే ఆ ధూళి ఇంట్లో పిల్లల ఒంట్లోకి పోతుంది, అందుకే తడిపి రుద్దుతారు. ప్రార్థన మనవి పేరుతో ఒకరి పాత పాపాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం పొడిగా గీకడమే.

అయితే పాతదంతా తీయనక్కర లేదు. గట్టిగా పట్టుకున్న రంగును కాస్త గరుకు చేసి దాని మీదే వేయవచ్చు. మన భాష, అమ్మమ్మ పాడిన కీర్తనలు పాతవే గానీ తుప్పు కాదు. పిల్లలకు వాటిని దూరం చేయకండి.

రంగు పోయాక సొట్టలు, పుట్టీ పెట్టి దాచిన పగుళ్లు బయటపడతాయి. చూడడానికి సిగ్గుగానే ఉంటుంది. పెడల్స్ ఇరుసు ఉండే గొట్టం అడుగున, రంగుతో పూడిపోయిన సీరియల్ నంబరు కూడా అప్పుడే స్పష్టంగా కనిపిస్తుంది. తయారుచేసినవాడు ఇనుములోనే కొట్టిన గుర్తు అది. ఎన్ని పూతలు పడినా చెరిగిపోలేదు.

ఒట్టి ఇనుమును అలా వదిలేయకూడదు. చెమట చేయి తగిలినా, గాలిలో తేమ ఉన్నా త్వరగా తుప్పు పడుతుంది. శుభ్రం చేసిన రోజే ప్రైమర్ వేయాలి. కొలొస్సయులకు 3వ అధ్యాయంలో పౌలు కోపం, అబద్ధం తీసేయమన్న తర్వాత జాలి, క్షమాపణ తొడుక్కోమంటాడు. జక్కయ్య కూడా యేసు తన ఇంటికి వచ్చిన ఆ రోజే ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

మీ ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నట్లయితే, ఈ వారం బయోడేటా పంపేముందు ఆ కులం వరుస తీసేయండి. అన్నతో మాట ఆగిపోయి ఉంటే, ఇండియాలో తెల్లవారాక ఫోన్ చేయండి. పొలం సంగతి ఎత్తకండి. ముందు వదినమ్మ ఆరోగ్యం అడగండి.