నష్టపు అంచనాలో అనుమానం, ఉపాధి

భూకంపమో తుఫానో సంభవించిన కొద్ది రోజుల్లోనే, శిథిలాల తొలగింపైనా పూర్తికాకముందే, ఇంత ఆర్థిక నష్టం వాటిల్లిందని ఒక మొత్తాన్ని ప్రకటించడం ఇటీవలి కాలంలో స్థిరపడిన పద్ధతి. ఇల్లిల్లూ చూడకుండా చెప్పిన ఆ అంకెను జ్ఞానమనవచ్చునా, లేక అది ఉజ్జాయింపు ఊహేనా అన్న సందేహం, యథార్థజ్ఞానం దేనివల్ల కలుగుతుందని భారతీయ దర్శనాలు సాగించిన ప్రమాణ విచారణకు నేరుగా చెందినది. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను నిరూపించాడు. కొండమీది పొగను బట్టి కంటికి కనబడని నిప్పును తెలుసుకోవడం అనుమానం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉండి తీరుతుందన్న నియత సాహచర్యం వ్యాప్తి.

సత్వర అంచనా స్వరూపం సరిగ్గా ఇదే. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేను భూకంపాలు కుదిపేసిన మూడు వారాలకు, ప్రపంచ బ్యాంకు అక్కడి ప్రత్యక్ష భౌతిక నష్టాన్ని 3,420 కోట్ల డాలర్లుగా లెక్కకట్టింది. ఎక్కడ నేల ఎంత తీవ్రంగా కంపించింది, అక్కడ ఏ రకం కట్టడాలు ఎన్ని ఉన్నాయి, అటువంటి కట్టడం అంతటి కుదుపుకు ఏ మేరకు దెబ్బతింటుంది, తిరిగి కట్టడానికి ఎంతవుతుంది అన్నవాటిని జోడిస్తే ఇలాంటి మొత్తం తేలుతుంది. వీటిలో మూడవది గత భూకంపాల అనుభవం నుంచి గ్రహించిన వ్యాప్తి. ప్రతి గోడనూ పరీక్షించేదాకా ఆగితే లెక్క మరింత నిక్కచ్చిగా ఉంటుంది గానీ, ఆలోగా నిరాశ్రయులు చలిలోనే ఉండిపోతారు కనుక, ఈ వేగాన్ని దోషంగా ఎంచడానికి వీల్లేదు. అది కరుణలో భాగం.

చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉంది. ఎక్కువ ఆస్తి నశించినచోటనే ఎక్కువ దుఃఖం ఉంటుందని, కాబట్టి సాయమూ అటే సాగాలని, ఎవరూ పైకి అనకుండానే రెండవ అనుమానం ఒకటి జరిగిపోతుంది. దానికి వ్యాప్తి లేదు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే గానీ నిప్పు ఉంటే పొగ ఉన్నట్టు కాదని, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ రాదని, తడి కట్టె తోడైతేనే నిప్పు పొగనిస్తుందని న్యాయదర్శన పండితులైన నైయాయికులు వివరించారు. తడి కట్టె వంటి ఈ మరుగుపడిన షరతుకే ఉపాధి అని పేరు. ఆస్తినష్టం దుఃఖంగా మారడానికి కావలసిన ఉపాధి, పోయింది పోగా చేతిలో ఏమీ మిగలకపోవడం. బీమా ఉన్న మేడ కూలితే మొత్తంలో పెద్ద అంకె చేరుతుంది. అద్దె పాకలో కుట్టుమిషనూ రెండు మేకలూ పోగొట్టుకున్న కుటుంబం ఆ మొత్తాన్ని కదిలించనైనా లేదు. 2017లో ప్రపంచ బ్యాంకే ప్రచురించిన ‘అన్‌బ్రేకబుల్’ నివేదిక ఈ లోపాన్ని ఒప్పుకుంది: పేదల స్థితిని పరిగణిస్తే విపత్తుల భారం ఏటా 52,000 కోట్ల డాలర్ల వినియోగ నష్టంతో సమానమని, ఇది మునుపటి అంచనాలను 60 శాతం దాకా మించుతుందని చూపింది.

ఈ లోపం మన దగ్గర ఎలా ఉంటుందో చూద్దాం. 2018 అక్టోబరు 11న శ్రీకాకుళం తీరాన్ని దాటిన తిత్లీ తుఫాను అక్కడి ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడితోటలను ధ్వంసం చేసింది. వేళ్లతో సహా పెళ్లగిలిన కొబ్బరిచెట్టును లెక్కపెట్టడం తేలిక. మొవ్వు విరిగి నిలిచిన చెట్టును గుర్తించాలంటే దాని మొదలు దగ్గర నిలబడి తలెత్తి చూడాలి. కొత్తగా నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా ఆరేడేళ్లపాటు ఆగిపోయే రాబడి, పోయిన చెట్టు విలువకు అదనంగా లెక్కించవలసిన వేరే పద్దు. చెట్టెక్కి కాయలు దింపేవారికి, పీచు వలిచేవారికి, జీడిపిక్కల పనికి పోయే ఆడవాళ్లకు పోగొట్టుకోవడానికి సొంత చెట్టే లేదు గనుక, వారి నష్టం చెట్ల జాబితాలో వెతికినా దొరకదు. పట్టా మరొకరి పేరున ఉన్న కౌలు రైతు పరిస్థితీ అంతకంటే మెరుగు కాదు. ఇక్కడ అనుమాన ప్రమాణం చాలదు, ప్రత్యక్షమూ, బాధితుల మాటగా శబ్దమూ కావాలి. తొలి అంకె నిధులు రాబట్టడానికి సరిపోతుంది. ఆ నిధుల పంపకానికి మాత్రం ఏ ఇంట ఎన్నాళ్లు పని లేదు, తిండికి ఎవరి దగ్గర ఏ వడ్డీకి అప్పు తెచ్చారు, ఏ పిల్ల బడి మానింది అని గడప గడపకూ వెళ్లి అడిగి రాసుకున్న రెండవ లెక్కే ఆధారం కావాలి.