ఘోరరూప దర్శనము

పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా దక్షిణపు టంచున, తుంగభద్రాతీరమందలి అలంపురమున, జోగులాంబ ప్రేతాసనముపై కూర్చుండి, కేశములందు తేలును, బల్లిని, కపాలమును ధరించి దర్శనమిచ్చుచున్నది. చంటిబిడ్డల నెత్తుకొని వచ్చు పాలమూరు తల్లులు ఆ రూపమును చూచి వెఱవరు. అమ్మా యని పిలిచి, తమ మొఱ చెప్పుకొందురు. తన కష్టములను చీకటిచిత్రములుగా, కలలోని వికృతాకృతులుగా గీయు కళాకారుని విశ్వాసహీనుడని నిందించువారిని విన్నపుడెల్ల నాకు ఆ మూర్తియే జ్ఞప్తికి వచ్చును. భయానకమునకు కాలుని, బీభత్సమునకు మహాకాలుని అధిదేవతలుగా నిర్ణయించిన భరతముని సంప్రదాయమున పుట్టిన మనము, ఘోరమునందు దైవము లేదని యెట్లనగలము?

స్పెయిను దేశపు చిత్రకారుడు గోయా 1792-93లో తీవ్రవ్యాధికి లోనై వినికిడిని శాశ్వతముగా కోల్పోయెను. రాజులకును ప్రభువులకును ప్రతిరూపములు చిత్రించిన ఆ చేయియే 1799లో 'కాప్రిచోస్' అను 80 ఫలకముల సంపుటమును వెలువరించెను. అందలి 43వ ఫలకమున నొక కళాకారుడు బల్లపై వ్రాలి నిద్రించుచుండగా, అతని వెనుకనుండి గుడ్లగూబలును గబ్బిలములును మూగి వచ్చుచుండును. ఆ నిద్రితుని ముఖము చేతులలో దాగియున్నది, మనకు కనబడదు. ఈ చిన్న విషయమే నాకు మిక్కిలి విలువైనదిగా తోచును.

ఏలయన, ధ్వన్యాలోకమునకు లోచనవ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు, క్రౌంచవధవేళ శ్లోకరూపమెత్తిన శోకమును వాల్మీకి సొంత దుఃఖముగా తలపరాదనియు, దుఃఖసంతప్తుడైనవానికి ఆ రచనావస్థ సిద్ధింపదనియు స్పష్టముగా హెచ్చరించెను. నాది యను ముద్ర తొలగినగాని శోకము రసము కాదు. గోయా తన చెవిటితనమును గీయలేదు. తన ముఖమును సైతము దాచి, ఆ బల్లయొద్ద ఎవరైనను తలవాల్చుటకు చోటు విడిచెను. మమకారమును త్యజించుటయే వైరాగ్యమైనచో, ఆ చిత్రము వైరాగ్యసాధనమే.

అట్లని కష్టము కళకు వరమని చెప్పుట క్రూరవచనమని నా నిశ్చితాభిప్రాయము. ఇల్లు వాకిలి విడిచి దేశమంతట కాలువలు త్రవ్వి, ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు వలసకూలీలకును, ఫ్లోరైడు నీటివలన ఎముకలు వంకరపోయిన నల్లగొండ పల్లెల బిడ్డలకును ఆ బాధ ఏ వరము నొసగినది? వారికి కావలసినది ముందు మంచినీరును, ఊరిలోనే పనియును. అయినను, వంగిన ఆ దేహములను చూడలేక కన్ను త్రిప్పుకొనువాని సౌకుమార్యముకంటె, చూచి గీయువాని కాఠిన్యమునందే దయ యధికముగా కలదు.

మఱి గీసిన చేతికి ఊరట కలుగునా? మన ఆలంకారికులు సహృదయుని ఆనందమును విచారించినంతగా దీనిని విచారింపలేదు. వార్ధక్యమున గోయా, ఎవరును కోరకయే, మాడ్రిడు చెంత తన యింటి గోడలపై, కన్నబిడ్డను భక్షించు సాటర్ను దేవుని వంటి నల్లని చిత్రములను వేసెను. అందువలన అతనికి వినికిడి తిరిగి రాలేదు. అతని దేశపు దౌర్జన్యమును అణగలేదు. 1824లో ఆ గోడలను విడిచి ఫ్రాన్సునకు వెడలి, 1828లో బోర్డో నగరమున మరణించువఱకు ఆ వృద్ధుడు గీయుచునే యుండెను.