భీముడికి అడ్డేమిటి?

ఛత్తీస్‌గఢ్ పల్లెలు మహాభారతాన్ని పండవానీగా పాడుకుంటాయి. అందులో కథానాయకుడు భీముడే. భిలాయ్ దగ్గరి గనియారిలో పుట్టి, భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి, ఆడవాళ్లు కూర్చుని మాత్రమే పాడే రోజుల్లో లేచి నిలబడి కాపాలిక శైలిలో ఆ కథ చెప్పింది. ఆమె చేతిలో తంబూరాయే గద, తంబూరాయే దుశ్శాసనుడి చెయ్యి. అయితే ఎవరూ గెలవలేనివాడి కథను ఎందుకు వినాలి? అమెరికా బొమ్మల కథలకూ ఈ చిక్కే వచ్చింది. 1938లో పుట్టిన సూపర్‌మ్యాన్‌ను నీరసపరచడానికి 1943లో రేడియో నాటకంలోకి క్రిప్టోనైట్ అనే రాయిని తెచ్చారు. ఆ ఉపాయం కొంతదూరమే పనిచేస్తుంది. రాయి పక్కకు తీస్తే చిక్కు మళ్లీ మొదటికొస్తుంది.

మహాభారతం భీముడి బలాన్ని పిసరంత కూడా తగ్గించదు. చేయగలడా అని కాక, చేయవచ్చా అని అడుగుతుంది. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు ఆ భుజాలను ఆపింది శత్రువు కాదు, అన్న ఒడ్డిన పందెం. కోపం పట్టలేక, జూదమాడిన అన్న చేతులు కాల్చేస్తాను నిప్పు తెమ్మని సహదేవుడికి చెబుతాడు. అర్జునుడు వారిస్తాడు. విరాటుడి ఇంట గద పట్టాల్సిన చెయ్యి గరిటె పడుతుంది. అజ్ఞాతవాసంలో ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవే. అక్కడ ద్రౌపదిని వేధించే కీచకుడు చస్తాడని వినేవాళ్లందరికీ తెలుసు. అయినా మన బుర్రకథలో వంతలాగా రాగీ ఊకొడుతూ ఉంటే, తెలిసిన కథే ఊపిరి బిగబట్టి వింటారు. వాళ్లు ఎదురుచూసేది గెలుపు కోసం కాదు, భీముడు ఎంతవరకు ఓర్చుకుంటాడో చూడటానికి.

భీముడు మనిషి కనుక సరే, సర్వశక్తుడైన దేవుడికి ధర్మసంకటం ఏమిటని అడగవచ్చు. ఈ ప్రశ్నను మహాభారతమే అడిగింది. యుద్ధం ఆపగలిగి ఆపలేదని ఉదంకుడనే ముని కృష్ణుణ్ణి శపించబోతాడు. ఏ జన్మ ఎత్తితే ఆ జన్మకు తగ్గట్టే నడుచుకుంటాను, మనిషినై మనిషిలాగే బతిమాలాను, వాళ్లు వినలేదు అన్నది కృష్ణుడి సమాధానం. ఇది తప్పించుకునే మాట కాదా? కాదనే నేను నమ్ముతాను. ఉదంకుడు ఆపిన శాపాన్ని గాంధారి పెట్టనే పెట్టింది. కృష్ణుడు దాన్ని తోసిపుచ్చలేదు, తన వంశం నాశనమవుతుంటే అడ్డుపడలేదు. నటనకు ఎవరూ అంత మూల్యం చెల్లించరు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది. బలవంతుడు ఓర్చుకుంటే ఆ ఓర్పు ఖరీదు ఎవరు కడుతున్నారు? సభలో కట్టింది ద్రౌపది, విరాటుడి కొలువులో కట్టిందీ ద్రౌపదే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ధర్మానికి కట్టుబడటం గొప్పదే. కానీ ఆ గొప్పతనం ఇంకొకరి ఒంటిమీద వాతలుగా తేలుతుంటే దాన్ని నిశ్చింతగా మెచ్చుకోలేం. వ్యాసుడూ మెచ్చుకుని ఊరుకోలేదు. కీచకుడు తన్నిన రాత్రి ద్రౌపది వంటశాలకు వెళ్లి నిద్రపోతున్న భీముణ్ణి లేపుతుంది. రాజుగారింటికి చందనం అరగదీసి కాయలు కాసిన అరచేతులు చూపిస్తుంది. ఆ చేతులను ముఖానికి ఆనించుకుని భీముడు ఏడుస్తాడు.