కొండను తీసేస్తే మిగిలిన దైవం

జోర్డాన్ దక్షిణాన ఎడారి కొండల నడుమ ఉన్న పెట్రాకు వెళ్ళినవారిలో ఎక్కువమంది ఖజానా ముందు ఫొటో దిగి తృప్తిపడతారు. ఎర్రటి కొండను తొలిచి మలిచిన ఆ 40 మీటర్ల ఎత్తు కట్టడం పేరుకే ఖజానా, నిజానికి సమాధి అంటారు. పెట్రాలో కళ్ళు చెదిరే శిల్పం చాలావరకు సమాధులదే. చనిపోయినవారికి ఈ నగరాన్ని మలిచిన నబాతీయులు ఇంత చేశారు. మరి దేవుడికేం చేశారో చూడాలంటే కొండెక్కాలి.

ఖజానా దాటాక, రాతి రంగస్థలం ఇంకా రాకముందే ఎడమవైపు మెట్లు మొదలవుతాయి. పేర్చి కట్టినవి కావు, కొండలోనే తొలిచినవి. రెండువేల ఏళ్ళ పాదాలకూ వాన నీటికీ అరిగిపోయి కొన్నిచోట్ల వాలుబండల్లా ఉంటాయి. ఎండ ముదరకముందే బయలుదేరడం మేలు. దారిలో బెదూయిన్ స్త్రీలు పూసలూ టీ అమ్ముతుంటారు. ఆయాసం తీర్చుకోవడానికి ఆ టీ మంచి సాకు.

పైకి చేరేసరికి రెండు రాతి స్తంభాలు కనిపిస్తాయి. ఒక్కొక్కటి సుమారు 6 మీటర్లు. ఎక్కడినుంచో మోసుకొచ్చి పాతారేమో అనుకుంటాం. కాదు, వాటి మొదలు కొండలోనే ఉంది. ఒకప్పుడు కొండ ఆ స్తంభాల కొసదాకా ఉండేది. చుట్టూ ఉన్న రాయినంతా కొట్టేసి ఈ రెంటినీ వదిలేశారు. దుషరా, అల్ ఉజ్జా అనే దైవాలకు ఇవి గుర్తులని చాలామంది పరిశోధకుల ఊహ. మనకు భక్తి పొంగితే ఏదో ఒకటి చేరుస్తాం: గోపురానికి ఇంకో అంతస్తు, విగ్రహానికి ఇంకో కిరీటం. వీళ్ళు కొండ తలనే తీసేశారు. ఆ పనికి ఎన్ని ఉలులు అరిగాయో, ఎన్ని భుజాలు కాయలు కాశాయో!

షరా పర్వతాలకు అధిపతి అయిన దుషరాకు ముఖం కూడా ఉంచలేదు. ఎక్కువచోట్ల ఆయన నిలువుగా ఉన్న నున్నటి రాతిపలక, అంతే. చెక్కడం రాక కాదు, ఖజానా మలిచిన చేతులే కదా అవి. బొడ్రాయికి పసుపు కుంకుమ పెట్టే ఊళ్ళలో పెరిగినవారికి ఇందులో వింతేమీ తోచదు.

ఇంకాస్త పైన, శిఖరాన్ని చదును చేసి చెక్కిన ముంగిలి ఉంది. సుమారు 14 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు. పడమటి వైపు మెట్లతో పీఠం, పక్కనే గుండ్రటి తొట్టి, అందులోంచి ద్రవం బయటికి పోవడానికి గాడి. ఆ గాడి జంతువుల నెత్తురు పోవడానికని సాధారణంగా చెబుతారు. ఆ సంగతి దాటేసి ప్రశాంతత గురించి మాత్రమే రాసే యాత్రా వర్ణనలు నాకు రుచించవు. మొక్కు ఇక్కడ ప్రాణం ఇచ్చి తీర్చుకున్నారు.

ఆ మాటకొస్తే పెట్రా సంగతి యూరప్‌కు తెలిసిందీ ఒక మొక్కు సాకుతోనే. పైనుంచి చూస్తే దూరాన జెబెల్ హారూన్ మీద తెల్లటి గుమ్మటం కనిపిస్తుంది. అది మోషే అన్న అహరోను సమాధి అని నమ్మకం. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురికీ ఆయన పూజ్యుడే. 1812లో స్విస్ యాత్రికుడు బుర్‌ఖార్ట్ ముస్లిం వేషంలో వచ్చి, అహరోనుకు మేకను బలి ఇస్తానని మొక్కుకున్నానన్నాడు. అనుమానం ఉన్నా దారిచూపేవాడు కాదనలేకపోయాడు. మొక్కుకు అడ్డుపడే ధైర్యం ఎవరికుంటుంది?

వచ్చిన దారినే దిగిపోకుండా వాదీ ఫరసా వైపు దిగితే మరో సంగతి తెలుస్తుంది. బండకు చెక్కిన పెద్ద సింహం ఎదురవుతుంది. ఒకప్పుడు దాని నోటినుంచి నీళ్ళు పడేవి. ఇంకా కిందికి వెళితే మూడువైపులా రాతి అరుగులున్న విందుశాల. గోడలకు సగం స్తంభాలు, రాతిలోనే ఎరుపు, తెలుపు, ఊదా చారలు. ఇలాంటి శాలల్లోనే నబాతీయులు తమ పెద్దల పేర, దైవాల పేర కలిసి భోంచేసేవారు. పెట్రాలో ఉండి వచ్చిన మిత్రుడు అథెనొడోరస్ దగ్గర విని ఆ విందుల సంగతి రాసిపెట్టాడు గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో. పదముగ్గురేసి బంతికి కూర్చునేవారట. ప్రతి బంతికీ ఇద్దరు గాయనులు. రాజు తనకు తానే వడ్డించుకోవడమే కాదు, ఒక్కోసారి లేచి మిగిలినవారికీ వడ్డించేవాడట.