ఆరవ సూన

గృహస్థుడు ఎంత సాధుశీలుడైనా అతని ఇల్లు హింస లేకుండా నడవదని ధర్మశాస్త్రకారులు భావించారు. మనుస్మృతి మూడవ అధ్యాయం పొయ్యి, సన్నెకల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అనే ఐదింటినీ పంచసూనలుగా, అంటే ఇంట్లోనే ఉన్న ఐదు వధాస్థానాలుగా పేర్కొని, వాటి దగ్గర తెలియక జరిగే ప్రాణిహింసకు పరిహారంగా నిత్యం పంచమహాయజ్ఞాలు చేయాలని విధించింది. ఇందులో పరిహారం కన్నా ముందున్న ఒప్పుకోలు గమనించదగినది: వండుకోవడం, ఊడ్చుకోవడం వంటి నిర్దోషమైన పనులకు సైతం మరొక ప్రాణి మూల్యం చెల్లిస్తూనే ఉంటుంది.

నేటి హైదరాబాదులో ఈ వరుసకు ఏసీని ఆరవదిగా చేర్చవలసి ఉంటుందా అన్నది చమత్కారం కోసం వేసే ప్రశ్న కాదు. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని తోడి బయటికి పంపుతుంది, అందుకు వాడుకున్న విద్యుత్తు కూడా చివరకు వేడిగా మారి దానితో కలుస్తుంది. ఒకటిన్నర టన్నుల యంత్రం సుమారు 5.2 కిలోవాట్ల వేడిని గది నుంచి లాగుతూ 1.5 కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటే, వీధిలోకి వదిలేది 6.7 కిలోవాట్లు. జూబ్లీహిల్స్ గుట్టలమీద, విశాలమైన ఆవరణల మధ్య ఆ వేడి చెదిరిపోవచ్చు. దిగువన టోలిచౌకిలో, రెండు అపార్టుమెంట్ల నడుమ ఇరుకు సందు మాత్రమే మిగిలిన చోట, అది నేరుగా పక్కవారి కిటికీకి చేరుతుంది.

ముస్లిం కుటుంబాలు పెద్దసంఖ్యలో నివసించే టోలిచౌకికి ఈ ప్రశ్నను విచారించే సొంత పరిభాష ఉంది. హద్దుమీరిన వినియోగాన్ని ఇస్లామీయ నీతిశాస్త్రం ఇస్రాఫ్ అంటుంది. నమాజుకు ముందు చేసే అంగశుద్ధి అయిన వజూలో, ప్రవహించే నది ఒడ్డున ఉన్నప్పటికీ, నీటిని దుబారా చేయరాదన్న భావంగల హదీసు ఇబ్న్ మాజా సంకలనంలో కనిపిస్తుంది. నదికి కొరత లేదు, దుబారా వల్ల ఎవరి వంతూ తగ్గదు, అయినా అది దోషమే. కాబట్టి బిల్లు కట్టగల స్తోమత ఉందన్న సమాధానం ఈ దృష్టిలో నిలవదు. మిద్దెమీద సౌరఫలకాలు ఉన్నాయన్న సమాధానమూ పూర్తిగా నిలవదు, ఎందుకంటే విద్యుత్తు ఎక్కడినుంచి వచ్చినా సందులోకి పోయే వేడి పోతూనే ఉంటుంది. హాని చేయరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అని ఫిక్‌హ్‌లో, అంటే ఇస్లామీయ ధర్మశాస్త్రంలో, ప్రసిద్ధమైన మరొక సూత్రం ఉంది. పక్కింటి యంత్రం విడిచిన వేడిని తట్టుకోలేక ఇంకొక యంత్రం బిగించుకోవడం ఆ రెండవ నిషేధం కిందికే వస్తుంది. ఎవరికీ ద్వేషం లేకుండానే వీధి అంతా ప్రతీకారంలో పాల్గొంటుంది.

అలాగని ఓర్చుకోమని బోధించడం న్యాయం కాదు. నాలుగు దిక్కులా అగ్ని, నడినెత్తిన సూర్యుడు ఉండగా చేసే పంచాగ్ని తపస్సు కోరి పూనినవారికే తపస్సు. పై అంతస్తులో అద్దెకున్న వృద్ధులకు అది మే నెలలో కోరకుండానే దక్కుతుంది, వడదెబ్బ ప్రాణం తీస్తుంది కూడా. సూనల భావన పొయ్యిని ఆర్పమనలేదు. అందువల్ల తేల్చవలసినది చల్లదనం కావాలా వద్దా అన్నది కాదు, తోడవలసివచ్చిన వేడిలో ఎంత భాగం అసలు లోపలికి రానవసరం లేనిది అన్నది.

ఆ భాగం ముఖ్యంగా కప్పునుంచే వస్తుంది. మే రెండవ వారం ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్న సూర్యుడు హైదరాబాదుకు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కనుక, ఎండ దెబ్బ గోడలకన్నా శ్లాబుకే ఎక్కువ; పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా గదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం హైదరాబాదులోని కార్యాలయ భవనాలమీద జరిపిన కొలతల ఆధారంగా, నల్లని కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20–22 యూనిట్లు, పూతలేని కాంక్రీటుకు వేస్తే 13–14 యూనిట్లు ఆదా అవుతాయని తేల్చింది. ఇళ్లలో యంత్రం నడిచే వేళలు వేరు కనుక ఈ అంకెలను ఉన్నవున్నట్లు ఇంటికి అన్వయించరాదు గాని, ఎండను తిప్పికొట్టే కప్పు ఉంటే తోడవలసిన వేడి తగ్గుతుందన్నది ఇంటికీ వర్తిస్తుంది.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్‌రూఫ్ విధానం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని నివాసాలకు ఇటువంటి కప్పును తప్పనిసరి చేసి, అంతకన్నా చిన్నవాటికి ఐచ్ఛికంగా వదిలింది. పరిపాలనకు ఈ గీత సులువే కావచ్చు. వేడి అత్యంత ఇరుకుగా పోగుపడే చిన్న స్థలాలు మాత్రం దానికి ఇవతలే ఉండిపోయాయి. అక్కడ కర్తవ్యం ఎవరిదన్నది శాస్త్రాలకూ కొత్త చిక్కే. మనువు గృహస్థునికి ఇల్లూ పొయ్యీ రెండూ తనవే. టోలిచౌకి అద్దెదారుకు ఏసీ, దాని బిల్లు తనవి, కప్పు యజమానిది. అపార్టుమెంటు అయితే కప్పు అందరి ఉమ్మడి ఆస్తి. ఎండ తగిలేది పై అంతస్తుకే కనుక పూత ఖర్చులో వంతు ఇవ్వడానికి కిందివారు వెనకాడతారు. సున్నం వేయగల అధికారం ఉండి వేయనివాడే ఇక్కడ హానికి మొదటి కర్త అని, వేరే దారిలేక స్విచ్చి నొక్కినవాడు కాదని ఈ రెండు సంప్రదాయాల తర్కాన్నీ అనుసరించి చెప్పవచ్చు.